చలికి తాళలేని తీగలు: కొమ్మ నాటడం నుంచి చలికాలం దాటించడం వరకు

నీరు గడ్డకట్టే చలి పడే చోట ఉష్ణమండలపు తీగను పెంచుతున్నవారికి ఏటా ఒకే ప్రశ్న ఎదురవుతుంది. వేసవంతా పందిరిని కప్పేసి పూసిన ఈ తీగను మళ్ళీ వేసవి వచ్చేదాకా బతికించుకోవడం ఎలా? కాగితం పూల తీగ, మాండెవిల్లా, రాధామనోహరం, నీలి ప్లంబాగో, స్టెఫనోటిస్, హోయా వంటివన్నీ సొంత నేల మీద ఏళ్ల తరబడి బతికే మొక్కలే అయినా, గడ్డకట్టే చలి ఒక్క రాత్రి పడితే చాలు, మొదలంటా మాడిపోగలవు. అందుకే చాలామంది ముందుగా ఆలోచించేది పెద్ద కుండీని ఇంట్లో ఎక్కడ పెట్టాలని. అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. తల్లి తీగను లోపలికి తేవడానికి రెండు మూడు నెలల ముందే దాని కొమ్మలు నాలుగైదు నాటి వేరు పట్టించుకోవాలి. అరచేతిలో పట్టే కుండీలో ఉన్న పిల్ల మొక్కకు కిటికీ అంచు సరిపోతుంది. తల్లి తీగ దక్కితే పిల్ల మొక్కలు అదనంగా మిగులుతాయి, దక్కకపోతే తీగ వంశం వాటితో నిలుస్తుంది. కాబట్టి కొత్త మొక్కలు తీయడాన్నీ చలికాలం దాటించడాన్నీ వేర్వేరు పనులుగా కాక, వేసవి చివర మొదలై వసంతంలో ముగిసే ఒకే పనిగా చూడమని నా సలహా.

మీ తీగ ఎంత చలికి ఓర్చుకుంటుందో ముందు తెలుసుకోండి

చలి రెండు రకాలుగా చంపుతుంది. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే బాగా దిగినప్పుడు కణజాలంలో మంచు స్ఫటికాలు ఏర్పడి, కణాల్లోని నీటిని బయటికి లాగేస్తాయి. మర్నాడు ఎండ ఎక్కేసరికి ఆకులు ఉడికించినట్టు నల్లబడి వేలాడతాయి. ఇది కంటికి కనిపించే చావు. రెండోది నెమ్మదిగా జరుగుతుంది. అచ్చమైన ఉష్ణమండలపు మొక్కలకు గడ్డకట్టేంత చలి అక్కర్లేదు, సుమారు 10 డిగ్రీల కంటే దిగువన రోజుల తరబడి ఉన్నా కణాల పొరలు పనిచేయడం మానేస్తాయి. వేర్లు నీటిని పీల్చుకోలేవు. మట్టి తడిగా ఉండగానే ఆకు వాడిపోతుంది, వాడిందని మనం ఇంకా నీరు పోస్తాము, ఆ నీటిలో వేరు కుళ్లిపోతుంది. ఇంటి లోపల చలికాలంలో చచ్చిపోయే తీగల్లో ఎక్కువ శాతం చలికి కాదు, ఈ తడికి పోయినవేనని నా అనుభవం.

తీగ పుట్టింటి వాతావరణం తెలిస్తే దాని చలికాలపు అవసరాలు చాలావరకు ఊహించవచ్చు. కాగితం పూల తీగ పుట్టిన దక్షిణ అమెరికా ప్రాంతాల్లో పొడి కాలం ఉంటుంది, కనుక ఆకు రాల్చి, నీరు లేకుండా నిద్రపోవడం దానికి అలవాటే. 5 నుంచి 7 డిగ్రీల దగ్గర దాన్ని నిశ్చింతగా ఉంచవచ్చు. దక్షిణ ఆఫ్రికాకు చెందిన నీలి ప్లంబాగో కూడా దాదాపు ఇదే చలికి ఓర్చుకుంటుంది. కృష్ణకమలం అని పిలుచుకునే పాసిఫ్లోరాలో జాతిని బట్టి చాలా తేడా ఉంది. నీలి పూల పాసిఫ్లోరా సెరూలియా పైభాగం మాడిపోయినా వేరు నుంచి మళ్ళీ చిగురించగలదు, తినే పండ్లు కాసే పాసిఫ్లోరా ఎడ్యులిస్ మాత్రం గడ్డకట్టే చలికి నిలవదు. బ్రెజిల్ అడవుల నుంచి వచ్చిన మాండెవిల్లాకు 10 నుంచి 13 డిగ్రీలు, మడగాస్కర్‌కు చెందిన స్టెఫనోటిస్‌కు 13 నుంచి 15 డిగ్రీలు కనీసం ఉండాలి. రాధామనోహరం, హోయా, పెద్ద నీలి పూల థన్‌బర్జియా గ్రాండిఫ్లోరా వంటి వాటిని 10 డిగ్రీల కంటే దిగనివ్వకపోవడం మంచిది.

గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను నమోదుచేసే థర్మామీటరు ఒకటి కొనుక్కుని, దాన్ని గది మధ్యలో గాక మొక్క ఉండబోయే చోటే కొన్ని రాత్రులు ఉంచి చూడండి. కిటికీ అద్దానికి ఆనుకున్న చోటికీ గది మధ్యకూ మధ్య ఎంత తేడా ఉందో చూస్తే మీకే ఆశ్చర్యం కలుగుతుంది.

కొమ్మ ముక్కలు నాటడం

ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది సమయం. వేసవి రెండో సగంలో, రాత్రులు 10 డిగ్రీలకు దిగడానికి కనీసం 8 నుంచి 10 వారాల ముందు కొమ్మలు తీయాలి. పగటి వెలుగు తగ్గిపోయాక నాటిన ముక్క వేరు తొడగకుండా, చావకుండా అలాగే ఉండి చివరకు బూజు పడుతుంది. ఆ సమయానికి ఆ ఏటి కొమ్మలు సగం ముదిరి ఉంటాయి. సగం ముదిరిందని గుర్తుపట్టడం తేలిక. కొస లేతగా వంగుతుంది, మొదలు గట్టిపడి ఉంటుంది, వేలితో వంచి వదిలితే తిరిగి నిటారుగా లేస్తుంది. మరీ లేత కొమ్మ త్వరగా వేరు తొడుగుతుంది గానీ అంతే త్వరగా వాడిపోతుంది. మరీ ముదిరిన కొమ్మ వాడదు గానీ నెలల తరబడి కదలదు.

ముందు రోజు సాయంత్రం తల్లి తీగకు బాగా నీరు పెట్టి, మర్నాడు ఉదయం ఎండ ఎక్కకముందే కోయండి. పూత లేని ఆరోగ్యమైన కొమ్మను ఎంచుకోండి. అలాంటిది దొరకకపోతే పూలను, మొగ్గలను పూర్తిగా తుంచేయండి, లేకపోతే కొమ్మలో దాచుకున్న ఆహారమంతా పువ్వుకే పోతుంది. కత్తెరను స్పిరిట్‌తో తుడిచి వాడండి. కోసిన వెంటనే తడి గుడ్డలోనో ప్లాస్టిక్ సంచిలోనో పెట్టి, నీడలోనే తక్కిన పని చేసుకోండి.

తీగ మొక్కలకు కణుపుకీ కణుపుకీ మధ్య దూరం ఎక్కువ. అందుచేత మామూలు పొద మొక్కకు చేసినట్టు ప్రతి ముక్కా కొసతోనే ఉండాలని పట్టుపట్టనక్కర్లేదు. ఒకటిన్నర మీటరు తీగ నుంచి ఐదారు ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్కకు రెండు కణుపులు ఉంటే చాలు, కింది కణుపు మట్టిలోకి, పై కణుపు వెలుగులోకి వెళ్తాయి. కింది కోత కణుపుకు కాస్త దిగువన ఏటవాలుగా, పై కోత కణుపుకు కాస్త ఎగువన సమంగా కోయడం అలవాటు చేసుకోండి. ఇది అందం కోసం కాదు. ముక్కలన్నీ కలిసిపోయాక ఏది తల, ఏది మొదలు అన్నది గుర్తుపట్టడానికి వేరే దారి ఉండదు. వేరు పుట్టించే ఆక్సిన్ అనే హార్మోన్ కాండంలో పై నుంచి కిందికే ప్రయాణిస్తుంది కనుక తలకిందులుగా నాటిన ముక్క దాదాపుగా దండగ. కింది ఆకులు తీసేసి, పై ఆకులు పెద్దవైతే అడ్డంగా సగానికి కత్తిరించండి, నీరు ఆవిరవడం తగ్గుతుంది.

మాండెవిల్లా, స్టెఫనోటిస్, హోయా, అల్లమండ వంటి తీగలను కోస్తే పాలు కారతాయి. ఆ పాలు గడ్డకట్టి కోతను మూసేస్తాయి, చర్మానికి తగిలితే దురద కూడా పెట్టవచ్చు. చేతి తొడుగులు వేసుకుని, కోసిన కొసను గోరువెచ్చని నీటిలో పాలు ఆగేదాకా ఉంచి, తుడిచి, ఆ తర్వాతే నాటండి.

వేరు పట్టించే పొడి అన్నిటికీ తప్పనిసరి కాదు. ప్లంబాగో, పాసిఫ్లోరా, హోయా పొడి లేకుండానే వేరు తొడుగుతాయి. కాగితం పూల తీగకు, స్టెఫనోటిస్‌కు మాత్రం దానివల్ల చాలా మేలు జరుగుతుంది. ఈ పొడుల్లో సాధారణంగా ఉండేది ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం. దానికి వేరు పుట్టించే గుణం ఉందని 1935లో అమెరికాలోని బాయ్స్ థాంప్సన్ సంస్థలో జిమర్‌మన్, విల్‌కాక్సన్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. డబ్బా మీద దాని మోతాదు చూసి కొనండి. లేత కొమ్మకు 0.1 శాతం, సగం ముదిరిన దానికి 0.3 శాతం, బాగా ముదిరిన చెక్క కొమ్మకు 0.8 శాతం వాడతారు. ఎక్కువ వాడితే ఎక్కువ వేర్లు వస్తాయనుకోవడం పొరపాటు, అతి మోతాదు కోతను మాడ్చేస్తుంది. పొడిని కొద్దిగా విడిగా పోసుకుని, కొసను అందులో ముంచి, అంటుకున్న అదనపు పొడిని దులిపేయాలి.

నాటే మట్టిలో సారం ఉండకూడదు, గాలి ఆడాలి. కొబ్బరి పొట్టు ఒక పాలు, పెర్లైట్ (వేడికి పొంగించిన తేలికపాటి తెల్లని రాతి గుళికలు) గానీ కడిగిన ముతక ఇసుక గానీ ఒక పాలు కలిపితే సరిపోతుంది. పిడికిట పట్టి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. ముందుగా పుల్లతో గుంత చేసి అందులో ముక్కను దించండి, నేరుగా గుచ్చితే పొడి అంతా పైనే రాలిపోతుంది. ఎనిమిది సెంటీమీటర్ల కుండీలో మూడు నాలుగు ముక్కలు పడతాయి. వాటిని మధ్యలో కాకుండా అంచు వెంబడి నాటండి, అక్కడ గాలి బాగా ఆడుతుంది.

వేరు లేని ముక్క నీరు తాగలేదు కనుక దాని చుట్టూ గాలిలోనే తేమ ఉంచాలి. కుండీలో మూడు పుల్లలు గుచ్చి, పైన పలుచని ప్లాస్టిక్ సంచి ఆకులకు తగలకుండా కప్పి, అడుగున రబ్బరు బ్యాండ్ వేస్తే పని జరుగుతుంది. పారదర్శకమైన మూత ఉన్న పెట్టె ఉంటే ఇంకా మంచిది. మూసిన గాజు పెట్టెలో తేమ తనంతట తాను తిరుగుతూ మొక్కను కాపాడుతుందన్న సంగతి 1829లో లండన్ వైద్యుడు నథానియేల్ బాగ్‌షా వార్డ్‌కు అనుకోకుండా తెలిసింది. చిమ్మట ప్యూపాను, అంటే రెక్కలు రాకముందు గూటిలో ఉండే పురుగును, సీసాలో తడి మట్టిలో పెట్టి మూస్తే, అందులో ఒక ఫెర్న్ మొలిచింది. 1833లో ఆయన అలాంటి పెట్టెల్లో సిడ్నీకి పంపిన మొక్కలు నెలల తరబడి ఓడ ప్రయాణం తర్వాత కూడా బతికే దిగాయి. మీ ప్లాస్టిక్ సంచి చేసేదీ అదే పని, ఒక్క తేడా ఏమంటే రోజుకు ఐదు నిమిషాలు దాన్ని తెరిచి గాలి మార్చాలి. బూజు పట్టిన ఆకు కనిపిస్తే ఆ క్షణమే తీసేయాలి.

వెలుగు బాగా ఉండాలి, నేరుగా ఎండ పడకూడదు. ఎండలో మూసిన సంచి గంటలో ముక్కలను ఉడికించేస్తుంది. మట్టి వేడి 20 నుంచి 24 డిగ్రీలు ఉంటే వేరు త్వరగా వస్తుంది. రాత్రులు చల్లబడుతుంటే కుండీ కింద వేడిపరిచే చాప పెట్టడం మంచి ఖర్చు. గాలిని వేడి చేయడం కంటే మట్టిని వేడి చేయడమే మేలు, ఎందుకంటే పైన చల్లగా, అడుగున వెచ్చగా ఉంటే చిగురు ఆగి వేరు ముందుకు సాగుతుంది.

పాసిఫ్లోరా, హోయా సుమారు మూడు నాలుగు వారాల్లో, ప్లంబాగో నాలుగు నుంచి ఆరు వారాల్లో, మాండెవిల్లా, స్టెఫనోటిస్ ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వేరు తొడుగుతాయి. కాగితం పూల తీగకు మూడు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. పైగా అది మోసం చేస్తుంది. కాండంలో నిలవ ఉన్న ఆహారంతో ముందు ఆకులు వేసి మనల్ని సంతోషపెడుతుంది, లోపల వేరు మొలక ఒక్కటీ ఉండదు. అప్పుడు లాగి చూస్తే రావలసిన వేరు కూడా తెగిపోతుంది. అడుగు రంధ్రంలోంచి తెల్లని వేరు కనిపించేదాకా ఆగండి. ఆ తర్వాత వారం రోజుల పాటు మూతను రోజురోజుకూ మరికాస్త ఎక్కువ సేపు తెరిచి ఉంచుతూ, చివరకు తీసేయండి.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. వేర్లు కనిపించగానే ముక్కలను విడదీసి విడివిడి కుండీల్లోకి మార్చాలనిపిస్తుంది. చలికాలం ఇంకా రెండు నెలల దూరంలో ఉంటే అలాగే చేయండి. ఈలోపే చలి ముంచుకొస్తుంటే మాత్రం వాటిని అదే కుండీలో వసంతం దాకా వదిలేయండి. పెద్ద కుండీలో వేరు అందుకోలేని తడి మట్టి చలికాలంలో పుల్లబడి, ఉన్న వేరును కూడా కుళ్లబెడుతుంది. విడదీయకుండా ఉంచినవే నా దగ్గర ఎక్కువగా బతికాయి.

నీటిలో వేరు పట్టించవచ్చా అని అడిగేవారికి నా జవాబు ఇది. తమలపాకు తీగ, మనీ ప్లాంట్, హోయా, అలంకారానికి పెంచే చిలగడదుంప తీగ నీటిలో చక్కగా వేరు తొడుగుతాయి. కాకపోతే నీటిలో పుట్టిన వేర్లు పెళుసుగా ఉంటాయి, రెండు మూడు సెంటీమీటర్లు పెరగగానే మట్టిలోకి మార్చేయాలి.

కొమ్మ మాట వినకపోతే నేలంటు

ఒక తీగ ముక్కలు రెండుసార్లు చచ్చిపోతే మూడోసారి ప్రయత్నించకుండా నేలంటు వేయండి. తీగ మొక్కలకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య, పాకే కొమ్మ నేల తాకిన చోట వేరు తొడగడం వాటికి సహజం. వేసవి మొదట్లో ఒక పొడవాటి కొమ్మను వంచి, పక్కనే మట్టి నింపి పెట్టిన చిన్న కుండీ మీదికి తెచ్చి, ఒక కణుపు అడుగున బెరడు మీద రెండు సెంటీమీటర్ల పొడవున లేతగా గాటు పెట్టి, ఆ కణుపును మట్టిలో మూడు నాలుగు సెంటీమీటర్ల లోతున పాతి, వంచిన ఇనుప తీగముక్కతో అదిమిపెట్టండి. కొసను పుల్లకు కట్టి నిటారుగా నిలపండి. మట్టి ఎండిపోకుండా చూసుకుంటే చాలు, తల్లి తీగ నుంచి ఆహారం అందుతూనే ఉంటుంది కనుక వాడిపోయే భయం లేదు. కొమ్మ పొడవుగా ఉంటే పాము నడకలా ఒక కణుపు లోపలికి, ఒక కణుపు బయటికి వచ్చేలా వరుసగా నాలుగైదు చోట్ల పాతవచ్చు. జాజి, రాధామనోహరం, హోయా ఈ పద్ధతికి బాగా లొంగుతాయి. వేసవి చివరకు వేరు దిట్టంగా ఉంటే కోసి వేరు చేయండి, లేకపోతే కుండీతో సహా తల్లినీ పిల్లనూ కలిపే లోపలికి తెచ్చి, వసంతంలో వేరు చేయండి.

దుంపలు, గింజలు

అన్ని తీగలనూ ఆకులతో కాపాడవలసిన పని లేదు. శంఖుపుష్పం, కాశీరత్నం, నల్లకన్ను థన్‌బర్జియా అలాటా గింజ నాటిన ఏడాదే పూస్తాయి, కనుక వాటి కాయలు తీగ మీదే ఎండాక గింజలు తీసి కాగితం కవరులో పొడిగా దాచుకుంటే సరిపోతుంది. శంఖుపుష్పం, కాశీరత్నం గింజల పైపొర గట్టిగా ఉంటుంది. నాటే ముందు రాత్రి నానబెట్టి, ఉదయానికి ఉబ్బని గింజలను గరుకు కాగితం మీద కాస్త రుద్ది మళ్ళీ నానబెట్టండి.

అగ్నిశిఖ, అంటే నాభి తీగ, దుంపతో చలికాలం దాటుతుంది. ఆకులు పసుపు రంగుకు తిరగడం మొదలవగానే నీరు తగ్గిస్తూ వచ్చి, తీగ పూర్తిగా ఎండాక కుండీని అలాగే 10 నుంచి 15 డిగ్రీల పొడి చోట పెట్టేయండి. వసంతంలో తీసి, వేలి లోతున అడ్డంగా పడుకోబెట్టి నాటాలి. దుంప కొసనే మొలక వస్తుంది, ఆ కొస విరిగితే ఆ దుంప ఇక మొలకెత్తదు. ఇంకొక సంగతి గట్టిగా చెప్పాలి. ఈ దుంపలో కొల్చిసిన్ అనే విషం ఉంటుంది, చిలగడదుంప అనుకుని తిని ప్రాణాలు పోగొట్టుకున్నవారి ఉదంతాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. తొడుగులు లేకుండా ముట్టకండి, వంటగదిలోనూ కూరగాయల దగ్గరా దాచకండి, పెట్టె మీద పేరూ హెచ్చరికా రాయండి.

అలంకారపు చిలగడదుంప తీగకు దుంపను 13 నుంచి 15 డిగ్రీల దగ్గర దాచడం ఒక పద్ధతి. మామూలు ఫ్రిజ్‌లో పెడితే చలి దెబ్బ తిని లోపల నల్లబడుతుంది. దానికంటే నాలుగు కొసలు తుంచి నీటిలో వేరు పట్టించి కిటికీలో పెట్టుకోవడమే సులువు.

లోపలికి తెచ్చే ముందు

చలికాలానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ఎరువు ఆపేయండి. అప్పుడు నత్రజని వేస్తే లేత చిగుళ్లు తన్నుకొస్తాయి, మొదటి చలి వాటినే తింటుంది. రాత్రులు 10, 12 డిగ్రీలకు దిగడం మొదలవగానే తీగను లోపలికి తేవాలి, స్టెఫనోటిస్‌ను ఇంకా ముందే. గది హీటర్ వేసేదాకా ఆగి, అప్పుడు ఒక్కసారిగా చలిలోంచి వెచ్చని పొడి గాలిలోకి తెస్తే ఆకు మొత్తం రాలుస్తుంది.

పెద్ద తీగను లోపలికి తేవడంలో అసలు కష్టం పందిరి నుంచి దాన్ని విడదీయడమే. వచ్చే ఏడాది నుంచైనా కుండీలోనే నిలిచే వెదురు పుల్లల గూటి మీదనో ఇనుప తీగ వలయం మీదనో పెంచండి, అలాగే ఎత్తి తేవచ్చు. ఇప్పటికి మాత్రం అవసరమైనంత, అంటే సుమారు మూడో వంతు మాత్రమే కత్తిరించండి. అసలు కత్తిరింపు చలికాలం చివరకు దాచుకోవాలి, ఎందుకంటే కోత పడిన చోట మొక్క చిగురించాలని చూస్తుంది, వెలుగు లేని రోజుల్లో వచ్చే ఆ చిగురు పాలిపోయి సన్నగా సాగుతుంది.

పురుగుల తనిఖీ బయటే జరగాలి. ఆకు అడుగున ఎర్రనల్లి, తెల్లదోమ, కణుపుల సందుల్లో పిండినల్లి, కాండం మీద పొలుసు పురుగు ఉన్నాయేమో చూడండి. నీటి ధారతో ఆకు అడుగులు కడిగి, పిండినల్లి కనిపించిన చోట స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, వేప నూనె గానీ సబ్బు నీరు గానీ వారం తేడాతో రెండుసార్లు కొట్టండి. బయట వాన, గాలి, మిత్ర కీటకాలు అదుపులో ఉంచిన పురుగు లోపలికి వచ్చాక పక్క మొక్కలన్నిటినీ చుట్టబెడుతుంది. రాలిన ఆకులు మట్టి మీద ఉంచకండి.

చలికాలమంతా

వెలుగు, వేడి, నీరు మూడూ కలిసి తగ్గాలి. ఒకటి తగ్గి మిగతా రెండూ తగ్గకపోతే మొక్క దెబ్బతింటుంది. వెచ్చని గదిలో చీకటి మూలన పెట్టిన మాండెవిల్లా పెరగాలని ప్రయత్నించి నీరసపడుతుంది. అదే చోటు 12 డిగ్రీలు ఉంటే అది కదలకుండా కూర్చుంటుంది, అదే మనకు కావాలి. అందుకే ఇంట్లో బాగా వెచ్చగా ఉండే గది కంటే, వెలుగున్న చల్లని మెట్ల దారి చాలా తీగలకు నయం.

ఆకు రాల్చిన కాగితం పూల తీగకు వెలుగు పెద్దగా అక్కర్లేదు. 5 నుంచి 7 డిగ్రీల దగ్గర, మసక వెలుగులో కూడా ఉంటుంది. మూడు నాలుగు వారాలకు ఒకసారి, వేర్లు పూర్తిగా ఎండిపోకుండా ఉండడానికి మాత్రమే, ఒక గ్లాసు నీరు పోయండి. ఆకులు పట్టుకుని ఉండే స్టెఫనోటిస్, హోయా, మాండెవిల్లాలకు మాత్రం ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ ఎండ వచ్చే కిటికీ కావాలి. అది లేకపోతే మొక్కకు ముప్పై సెంటీమీటర్ల ఎత్తున ఎల్ఈడీ దీపం రోజుకు 12 గంటలు వెలిగించండి. రాత్రి కర్టెన్ వేసేటప్పుడు కుండీ అద్దానికీ కర్టెన్‌కూ మధ్య ఇరుక్కోకుండా గది వైపుకు జరపండి, ఆ సందులోనే చలి పేరుకుంటుంది.

నీరు పోసే ముందు వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించి చూడండి. అంతకంటే నమ్మకమైనది కుండీని ఎత్తి బరువు చూడడం. నీరు పోసిన రోజు బరువును, పది రోజుల తర్వాతి బరువును రెండుసార్లు పోల్చి చూస్తే చేతికి ఆ తేడా తెలిసిపోతుంది. ఆకులున్న తీగలకు పైసగం మట్టి ఎండాకే, ఉదయం పూట, గది వేడికి వచ్చిన నీరు పోయండి, పళ్లెంలోకి దిగిన నీటిని పారబోయండి. ఎప్పుడు పోయాలా అని సందేహం వస్తే మరో మూడు రోజులు ఆగడమే సరైన పని. హీటర్ ఉన్న గదిలో ఆకుల మీద సన్నని చుక్కలు, సన్నని గూడు కనిపిస్తే అది ఎర్రనల్లి, పొడి గాలి దానికి పండుగ. మొక్కను స్నానాల గదికి తీసుకెళ్లి ఆకుల అడుగులు కడగండి.

నేలలో నాటిన, వేరు నుంచి చిగురించగల తీగలకు మొదలు చుట్టూ 15 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు కప్పి, పైన గాలి ఆడే గుడ్డ చుట్టండి. ప్లాస్టిక్ షీటు ఆకులకు తాకేలా చుట్టకండి, తాకిన చోటల్లా చలి దిగుతుంది. చలి కాటు తిన్న కొమ్మలను వెంటనే నరకవద్దు, ఆ ఎండు కొమ్మలే కింది మొగ్గలకు కప్పుగా ఉంటాయి. వసంతంలో బెరడును గోటితో గీరి చూసి, పచ్చదనం కనిపించే చోటుకు పైన కోయండి.

నిద్ర లేపడం

పగలు స్పష్టంగా పొడుగవడం మొదలయ్యాకే మొక్కను లేపాలి, గది వెచ్చబడిందని కాదు. ప్లంబాగో కొత్త కొమ్మల మీదే పూస్తుంది కనుక పక్క కొమ్మలను రెండు మూడు కణుపులు మిగిల్చి కొట్టేయవచ్చు. కాగితం పూల తీగకు, మాండెవిల్లాకు కూడా ఇదే తీరు, మాండెవిల్లాకు మరొక కణుపు ఎక్కువ వదలండి. స్టెఫనోటిస్‌ను చూసీచూడనట్టు కత్తిరించాలి. హోయా పూలు రాలాక మిగిలే మొండి కాడలను అసలు తాకవద్దు, వచ్చే పూత కూడా ఆ కాడల మీదే వస్తుంది. కత్తిరించిన కాగితం పూల తీగ ముదురు కొమ్మలను పారేయకండి, పెన్సిలు మందమున్న వాటిని పదిహేను సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, 0.8 శాతం పొడి అద్ది, అడుగు వేడితో నాటండి.

కత్తిరించాక పది రోజులకు నీరు కొద్దికొద్దిగా పెంచి, చిగురు వేలెడంత అయ్యాక ఎరువు మొదలుపెట్టండి. కుండీ మార్చవలసి వస్తే రెండు మూడు సెంటీమీటర్లు పెద్దదానిలోకే మార్చండి. కాగితం పూల తీగ వేర్లు సన్నగా, పెళుసుగా ఉంటాయి, మట్టి ముద్దను విడదీయకుండా అలాగే దించాలి. కలిసి చలికాలం గడిపిన పిల్ల మొక్కలను విడదీసేదీ ఇప్పుడే. విడదీసిన వారానికి ఒక్కోదాని కొస తుంచితే పక్క కొమ్మలు వస్తాయి.

రాత్రులు వరుసగా 10 డిగ్రీల పైన, స్టెఫనోటిస్‌కైతే 13 డిగ్రీల పైన, నిలిచాక బయటికి తీయడం మొదలుపెట్టండి. మొదటి మూడు రోజులు పూర్తి నీడలో రెండు మూడు గంటలు, తర్వాత ఉదయపు ఎండలో, అలా పది నుంచి పద్నాలుగు రోజులకు పూర్తి ఎండకు చేర్చండి. చలికాలమంతా అద్దం వెనకున్న ఆకు ఒక్క మధ్యాహ్నపు ఎండకే తెల్లగా కాలిపోతుంది. పందిరికి ఎక్కించేటప్పుడు తీగ తనంతట తాను ఏ వైపు తిరుగుతోందో చూసి ఆ వైపే చుట్టండి. చుట్టుకునే తీగల్లో అత్యధిక భాగం పై నుంచి చూస్తే గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి, కానీ పెండలం కుటుంబంలో ఒక జాతి ఒక వైపుకు, మరో జాతి ఇంకో వైపుకు చుట్టుకుంటుంది. ఎదురు దిశలో చుట్టి కట్టిన తీగ రెండు రోజుల్లో విడిపోయి గాలిలో వేలాడుతుంది.